ధర్మ్‌కోట్ వెళ్లే ముందు ఆ ఒక్క మెయిల్ పంపండి

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. గుంటూరులో బ్యాంకు ఉద్యోగం. మా ఆయనది సొంత వ్యాపారం. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, అత్తగారు మా దగ్గరే ఉంటారు. అమ్మ పోయి రెండేళ్లయింది, అప్పట్నుంచి నాకు మనసు కుదురుగా లేదు. హిమాచల్‌ప్రదేశ్‌లో ధర్మశాల పైన ధర్మ్‌కోట్‌లో ఉన్న ధమ్మ శిఖర కేంద్రంలో పది రోజులు మౌనంగా ధ్యానం చేసే విపశ్యన కోర్సుకి అప్లై చేస్తే సీటు వచ్చింది. దసరా అయ్యాక, అక్టోబర్‌లో మొదలు. ఇంకా నెల రోజుల టైముంది. 14 రోజులు సెలవు పెట్టాను. పది రోజులు ఫోన్ లేకుండా ఎలాగని మా ఆయన కంగారు. రోజూ లలితా సహస్రనామం చదివేదాన్ని, అక్కడ పూజలు మానేయమంటారట, ఇక బౌద్ధంలో కలిసిపోతావా అని అత్తగారి బాధ. పక్కనే టిబెటన్ వాళ్ల కేంద్రం కూడా ఉందని, రెండూ ఒకటేనని మా కజిన్ అంటోంది. నాకేమో చలి భయం, మోకాళ్ల నొప్పి, థైరాయిడ్ మాత్ర, పొద్దున్నే కాఫీ లేకపోతే తలనొప్పి. ఇంకో సంగతి. అమ్మ పోయాక ఆరు నెలలు డిప్రెషన్‌కి మందులు వాడాను. తర్వాత డాక్టరే తగ్గించి ఆపేశారు. ఇప్పటికీ నిద్ర పట్టని రాత్రి ఎప్పుడన్నా ఒక నిద్రమాత్ర వేసుకుంటాను. ఇదంతా రాస్తే సీటు ఇవ్వరేమోనని అప్లికేషన్‌లో రాయలేదు. నిద్రమాత్రలు బ్యాగులో పెట్టుకుని వెళ్లొచ్చా? ఎలా సిద్ధం కావాలో చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీరు చివర్లో రాసిన సంగతే నేను మొదట చెప్పాలి. స్వెటర్లు, టికెట్లు, కాఫీ అన్నీ తర్వాత చూసుకోవచ్చు. ముందు కేంద్రానికి మెయిల్ పెట్టండి. డిప్రెషన్‌కి మందులు వాడిన సంగతి, నిద్రమాత్ర సంగతి రెండూ అందులో ఉండాలి.

అప్లికేషన్‌లో మానసిక ఆరోగ్యం గురించి, వాడే మందుల గురించి అడగడం ఫార్మాలిటీ కోసం కాదు. అక్కడ రోజు ఎలా గడుస్తుందో చూడండి. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. నాలుగున్నరకి ధ్యానం మొదలైతే రాత్రి తొమ్మిది దాకా సాగుతుంది. తిండికి, విశ్రాంతికి, రాత్రి ప్రవచనానికి పోను పది గంటల పైనే కళ్లు మూసుకుని కూర్చుంటారు. చదువుకోవడానికి పుస్తకం ఉండదు, రాసుకోవడానికి కాగితం ఉండదు. పక్కవాళ్లతో మాటలే కాదు, సైగలు కూడా చేయకూడదు. ఇంట్లో దిగులు ముంచుకొస్తే మనకి ఎన్నో ఆసరాలుంటాయి. వంటింట్లోకి వెళ్లి ఏదో ఒక పని పెట్టుకుంటాం, టీవీ పెడతాం, అక్కకో చెల్లికో ఫోన్ చేసి గంటసేపు మాట్లాడతాం. అక్కడ అవేవీ ఉండవు. అమ్మ జ్ఞాపకం వస్తే దానితోనే కూర్చోవాలి. అందుకే కొందరికి ఆ పది రోజులు ఎంతో మేలు చేస్తాయి, ఇంకొందరికి భరించలేనంత బరువవుతాయి. ఎక్కువ మంది కాస్త ఏడ్చి, కాస్త విసుక్కుని, చివరికి తేలికపడి ఇంటికొస్తారు. ఇంతకుముందు మానసికంగా ఇబ్బంది పడినవాళ్లలో మాత్రం ఆ పాత బాధ తిరగబెట్టే అవకాశం ఉంది. బొత్తిగా నిద్ర పట్టకపోవడం, విపరీతమైన భయం, అరుదుగా ఏది నిజమో ఏది కాదో తెలియని స్థితి కూడా రావచ్చు. తీవ్రమైన మానసిక రుగ్మతలు ఉన్నవాళ్లకి ఈ కోర్సు తగదని విపశ్యన కేంద్రాల నియమావళిలోనే రాసి ఉంటుంది.

మీరు ఆ కోవకి వస్తారని నేననడం లేదు. అమ్మ పోయిన దుఃఖంలో ఆరు నెలలు మందులు వాడి, డాక్టరు ఆపేయమంటే ఆపేశారు. ఇది తెలిశాక కూడా వాళ్లు మిమ్మల్ని రమ్మనే అవకాశం ఉంది. డాక్టరు ఉత్తరం అడగొచ్చు, ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు వేయొచ్చు, ఈసారికి ఆగమనొచ్చు. ఏమన్నా మీ మంచికే. అక్కడి ఆచార్యులకి మీ సంగతి తెలిస్తే మీ మీద ఒక కన్నేసి ఉంచుతారు, అవసరమైతే కూర్చునే సమయం తగ్గిస్తారు. తెలియకపోతే ఐదో రోజు రాత్రి మీరు పడే యాతన వాళ్ల కంటికి అందరికీ వచ్చే మామూలు విసుగులాగే కనబడుతుంది.

మెయిల్ ఎలా రాయాలో తోచకపోతే ఇంగ్లీషులోనో హిందీలోనో ఈ నాలుగు ముక్కలు రాస్తే చాలు: "నాకు మీ అక్టోబర్ కోర్సులో సీటు వచ్చింది. అప్లికేషన్‌లో ఒక విషయం రాయలేదు, క్షమించండి. మా అమ్మ మరణం తర్వాత ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా డిప్రెషన్‌కి చికిత్స తీసుకున్నాను. మందు పేరు ఇది. డాక్టరు సలహాతోనే ఆపాను. ఇప్పుడు నెలకి సుమారు ఇన్నిసార్లు ఈ నిద్రమాత్ర వేసుకుంటున్నాను. ఈ స్థితిలో నేను కోర్సుకి రావచ్చా?" అంతకు మించి సంజాయిషీ అక్కర్లేదు.

దాంతో పాటు అప్పట్లో మీకు వైద్యం చేసిన డాక్టరుని ఒకసారి కలవండి. "ధ్యానం చేసుకోవచ్చా" అని అడిగితే తప్పకుండా చేసుకోమంటారు. పది రోజులు మౌనం, రోజుకి పది గంటలు, మధ్యాహ్నం తర్వాత భోజనం లేదు, మూడు నాలుగు రాత్రులు నిద్ర తక్కువ పడొచ్చు అని విడమరిచి చెప్పి, ఇది నాకు సరిపడుతుందా అని అడగండి. నిద్రమాత్ర సంగతీ ఆయనకే వదిలేయండి. దాచుకుని తీసుకెళ్లడం వద్దు, ఈ కోర్సు కోసమని మీ అంతట మీరు ఉన్నట్టుండి మానేయడమూ వద్దు. తీసుకెళ్లమంటే చీటీ రాయించుకుని, చేరిన రోజే అక్కడివాళ్లకి చూపించండి. ఈలోగా దిగులు మరీ ఎక్కువగా అనిపిస్తే కోర్సు దాకా ఆగకండి. 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ లైను, డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇంకో మాట కూడా ముందే తెలిసి ఉండాలి. అక్కడి ఆచార్యులు కౌన్సెలర్లు కాదు. మధ్యాహ్నం భోజనం తర్వాత ఒక్కొక్కరినీ కాసేపు కలుస్తారు, రాత్రి హాల్లోనూ సందేహాలు అడగొచ్చు. కానీ ఆ మాటలన్నీ సాధన ఎలా చేయాలన్న దాని గురించే. అమ్మ గురించి మీ మనసులో ఉన్నదంతా చెప్పుకోవడానికి ఆ సమయం చాలదు, అది అందుకు ఉద్దేశించిందీ కాదు. అలా చెప్పుకోవాల్సినది ఉంటే ఈ నెల రోజుల్లో మీ తోబుట్టువులకో దగ్గరి స్నేహితురాలికో చెప్పుకుని వెళ్లండి.

ఇప్పుడు అత్తగారి సంగతి. ఆవిడ బాధని కొట్టిపారేయకండి, కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కోర్సు సాగినన్నాళ్లు పూజ, జపం, ఉపవాసం, దీపారాధన అన్నీ పక్కన పెట్టమంటారు, నిజమే. జపమాల, తాయెత్తుల్లాంటివి ఉంటే ఆఫీసులో అప్పగించమంటారు. అవి తప్పని కాదు, ఒక పద్ధతిని దేనితోనూ కలపకుండా పది రోజులు చేసి చూడమని. చేరిన రోజు సాయంత్రం బుద్ధుణ్ణి, ధర్మాన్ని, సంఘాన్ని శరణు వేడే పాళీ వాక్యాలు పలికిస్తారు, పంచశీల అనే ఐదు నియమాలు తీసుకోమంటారు. ఇది మీకు ఎవరూ ముందుగా చెప్పకపోతే అక్కడ వినగానే గుండె ఝల్లుమనొచ్చు, అందుకే చెబుతున్నాను. మతం మార్చుకోమని ఎవరూ అడగరు. ఇంటికొచ్చాక మీ సహస్రనామం మీరు చదువుకోవచ్చు. ఇన్నేళ్ల అలవాటు కాబట్టి శ్వాసని గమనించమన్నప్పుడు నోటికొచ్చిన నామాలు లోపల వాటంతటవే నడుస్తాయి. దానికి మీరు అపరాధం చేసినట్టు బాధపడక్కర్లేదు, బలవంతంగా తోసేయనూ అక్కర్లేదు. గమనించి మళ్లీ శ్వాస దగ్గరికి వస్తే చాలు. ఇంట్లో దీపం ఎవరు పెడతారన్నది మాత్రం వెళ్లే ముందే తేల్చుకోండి. అమ్మాయికి అప్పగిస్తే ఆ పిల్లా బాధ్యతగా చేస్తుంది, అత్తగారి మనసూ నిమ్మళిస్తుంది.

ఈ కోర్సుల్ని మన దేశంలో మొదలుపెట్టిన ఎస్.ఎన్. గోయెంకా గారి కథ అత్తగారికి చెప్పండి. ఆయన 1924లో బర్మాలోని మాండలేలో, నిష్ఠగా పూజలు చేసుకునే మార్వాడీ హిందూ కుటుంబంలో పుట్టారు. పెద్ద వ్యాపారి. భరించలేని మైగ్రేన్ తలనొప్పికి మార్ఫీన్ ఇంజెక్షన్లు తీసుకునే దాకా వచ్చింది. రంగూన్‌లో విపశ్యన నేర్పే సయాజీ ఊ బా ఖిన్ దగ్గరికి వెళ్లమని ఒక మిత్రుడు చెబితే, అచ్చం మీ అత్తగారిలాగే, ఇది బౌద్ధం కదా, మన ధర్మం ఏమవుతుందోనని నెలల తరబడి తటపటాయించారు. ఊ బా ఖిన్ సన్యాసి కాదు, బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్‌గా చేసిన మనిషి. బ్యాంకులో లెక్కలు చూసే మీకు ఈ సంగతి నచ్చుతుందనుకుంటాను. చివరికి గోయెంకా వెళ్లి తలనొప్పి తగ్గాలన్నప్పుడు, అందుకోసమైతే రావద్దన్నారాయన. రోగం తగ్గించుకోవడానికి ధర్మాన్ని వాడుకోవద్దు, మనసు శుద్ధి కోసమైతే రండి అన్నారు. 1955లో గోయెంకా మొదటి కోర్సు చేశారు. 1969లో ఇండియా వచ్చి ఇక్కడ నేర్పడం మొదలుపెట్టారు.

ఆ మాట మీకూ వర్తిస్తుంది. పది రోజులు పూర్తయ్యేసరికి నిద్ర బాగుపడాలి, అమ్మ గురించిన బాధ పోవాలి అని లెక్క పెట్టుకుని వెళితే రోజూ సాయంత్రం ఎంత తగ్గిందో కొలుచుకుంటూ కూర్చుంటారు. కొలిచే కొద్దీ టెన్షన్ పెరుగుతుంది. ఇంటర్నెట్‌లో జనం రాసే అనుభవాలు చదవడం కూడా ఇవాళ్టితో ఆపేయండి. ఎవరికో ఏడో రోజు ఒళ్లంతా కరెంటు పాకినట్టు అయిందని చదివితే, మీకు అవలేదని బెంగ పడతారు. మీరు తెలుసుకోవాల్సింది ఇంతే: మొదటి మూడు రోజులు ముక్కు దగ్గర శ్వాసని గమనించడం, నాలుగో రోజు నుంచి ఒంట్లో కలిగే స్పర్శల్ని తల నుంచి కాళ్ల దాకా గమనించడం. మిగతాది అక్కడే చెబుతారు.

కజిన్ చెప్పిన కేంద్రం తుషిత. అదీ ధర్మ్‌కోట్‌లోనే, మీ కేంద్రానికి పక్కనే ఉంది. పక్కపక్కనే ఉన్నా రెండూ ఒకటి కాదు. తుషితని 1972లో లామా యేషే, లామా జోపా రింపోచే స్థాపించారు. అక్కడ టిబెటన్ మహాయాన సంప్రదాయంలో బౌద్ధ పరిచయ తరగతులు పెడతారు, ప్రసంగాలు, చర్చలు ఉంటాయి, ఫీజు ఉంటుంది. మీరు వెళ్లేది బర్మా సంప్రదాయం నుంచి వచ్చిన విపశ్యనకి. ఇక్కడ ఫీజు లేదు. కోర్సు పూర్తి చేసినవాళ్లు తోచినంత ఇవ్వొచ్చు, మొదలుకాక ముందు ఇస్తామన్నా తీసుకోరు. ఆటోవాడికి పేరు సరిగ్గా చెప్పి దిగండి.

మీ 14 రోజుల సెలవు చాలదు. పది రోజుల కోర్సంటే కేంద్రంలో 12 తేదీలు గడుస్తాయి. చేరే రోజు ఒకటి, మధ్యలో పూర్తి పది రోజులు, పదకొండో రోజు పొద్దున బయటపడటం. గుంటూరు నుంచి ఢిల్లీకి రైల్లో ఒక రోజు పైన పడుతుంది. అక్కడ కాశ్మీరీ గేట్ బస్టాండు నుంచి ధర్మశాలకి రాత్రి బస్సు, పది పన్నెండు గంటలు. తెల్లవారుజామున ఘాట్ రోడ్డు మలుపుల్లో చాలామందికి కడుపులో తిప్పుతుంది. ఆ బస్సు దిగి అదే రోజు కోర్సులో కూర్చుంటే మొదటి రెండు రోజులూ కునికిపాట్లతోనే పోతాయి. ఒక రోజు ముందే ధర్మ్‌కోట్‌కి కిందే ఉన్న మెక్లాడ్‌గంజ్ చేరి, వేడినీళ్లతో స్నానం చేసి, కడుపునిండా తిని పడుకోండి. గన్నవరం నుంచి ఢిల్లీ దాకా విమానంలో వెళితే ఒక రోజు కలిసొస్తుంది. ధర్మశాల దగ్గర గగ్గల్‌లో విమానాశ్రయం ఉంది కానీ వాతావరణం బాగాలేకపోతే విమానాలు రద్దవుతుంటాయి, కాబట్టి చేరాల్సిన రోజునే దాన్ని నమ్ముకోవద్దు. ఎలా చూసినా మీకు కనీసం 17 రోజులు కావాలి. కోర్సు అయ్యాక కూడా ఒక రోజు అక్కడే ఆగేలా చూసుకోండి.

అంత సెలవు దొరక్కపోతే? నన్నడిగితే, మీ పరిస్థితిలో మొదటి కోర్సు ఇంటికి దగ్గర్లో చేయడం ఇంకా మంచిది. హైదరాబాద్‌లో వనస్థలిపురం దాటాక నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మ ఖేత్త ఉంది. ఏలూరు దగ్గర విజయరాయిలో ధమ్మ విజయ, నాగార్జునసాగర్‌లో ధమ్మ నాగజ్జున ఉన్నాయి. అదే పద్ధతి, అవే టైములు. తెలుగులో వినొచ్చు, ఏదన్నా అయితే మీ ఆయన పూటలో వచ్చేస్తారు. కొండల్లో, దేవదారు చెట్ల మధ్య, ఎవరికీ తెలియని చోట కొన్నాళ్లు ఉండాలన్న మీ కోరిక నాకు అర్థమవుతుంది, దాన్ని కాదనను. కానీ డాక్టరో కేంద్రమో కాస్త సందేహిస్తే మొత్తానికే మానుకోకుండా ఈ దారి ఉందని గుర్తుంచుకోండి. ధర్మ్‌కోట్‌కే వెళ్లేట్టయితే, ప్రవచనాలు తెలుగు రికార్డింగులో వినే ఏర్పాటు ఉందేమో ఆ మెయిల్‌లోనే అడిగేయండి. అక్కడ మామూలుగా నడిచేది హిందీ, ఇంగ్లీషుల్లో.

మీ ఆయన కంగారుకి మందు ఒక కాగితం. కేంద్రం ఆఫీసు నంబరు, పూర్తి చిరునామా, మీరు బయటికొచ్చే తేదీ రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఇంట్లో నిజంగా అత్యవసరమైతే ఆ నంబరుకి చేస్తే మీకు కబురు అందుతుంది. ఆయన చేత ఒకసారి మీ ముందే ఆ నంబరుకి ఫోన్ చేయించండి, అవతలి గొంతు విన్నాక సగం కంగారు తగ్గుతుంది. అమ్మాయి చదువు గురించీ, జ్వరం వస్తే ఎవరికి చెప్పాలన్న దాని గురించీ ముందే ముగ్గురూ కూర్చుని అనుకోండి.

చాలామందికి తట్టని చిక్కు ఓటీపీలు. మీ ఫోన్ పన్నెండు రోజులు ఆఫీసు లాకర్లో స్విచాఫ్ అయి ఉంటుంది. గ్యాస్ బుకింగ్, కరెంటు బిల్లు, కాలేజీ ఫీజు, ఇన్సూరెన్సు ప్రీమియం వీటిలో ఏవేవి మీ నంబరుతో ముడిపడి ఉన్నాయో ఒక ఆదివారం కూర్చుని చూసుకోండి. ఆ రోజుల్లో గడువు ఉన్నవి ముందే కట్టేయండి. అత్తగారి మందుల డబ్బా పదిహేడు రోజులకి సర్దిపెట్టి, ఏది ఎప్పుడో అమ్మాయికి చూపించండి. బ్యాంకులో మీ సీటు ఎవరు చూస్తారో వాళ్లకి పెండింగ్ పనులు రాసిచ్చి వెళ్లండి. ధ్యానంలో కూర్చోగానే గుర్తొచ్చేవి ఇవే. కళ్లు మూసుకున్న పది నిమిషాలకి "ఆ ఫైలు మీద సంతకం పెట్టానా?" అని మొదలైతే ఆ పూటంతా అదే నడుస్తుంది, ఫోన్ చేసి కనుక్కునే వీలు లేదు.

ఒంటి విషయానికొస్తే, నెల రోజులు చక్కగా సరిపోతాయి. కాఫీ ఇవాళ్టి నుంచే తగ్గించండి. ఒక్కసారిగా మానేస్తే ఒకటి రెండు రోజుల్లో తలనొప్పి బాగా ముదిరి, కొందరికి వారం దాకా ఉంటుంది. అది సరిగ్గా కోర్సు మొదటి రోజుల్లో పడితే నరకమే. ఈ వారం రెండో కాఫీ మానేయండి, వచ్చే వారం పొద్దుటిది సగం గ్లాసు చేయండి, వెళ్లేనాటికి అది కూడా లేకుండా గడిచేలా చూసుకోండి. అక్కడ టీ ఇస్తారు, మన ఫిల్టర్ కాఫీ మాత్రం ఆశించకండి. థైరాయిడ్ మాత్రకి ఇబ్బందే లేదు. గంట కొట్టగానే పరగడుపున వేసుకుంటే ఆరున్నర టిఫిన్‌కి బోలెడు వ్యవధి. మాత్రలు నాలుగైదు రోజులకి అదనంగానే పెట్టుకోండి.

భోజనం పదకొండింటికి. సాయంత్రం ఐదింటికి కొత్తవాళ్లకి టీ, ఒక పండు, కాసిన్ని మరమరాలు, అంతే. రాత్రి తొమ్మిదిన్నరకి అన్నం తినే అలవాటున్న ఇల్లు మనది. కాబట్టి వారానికి కొంత చొప్పున రాత్రి భోజనం ముందుకి జరుపుకుంటూ, పరిమాణం తగ్గిస్తూ రండి. చివరి వారం సాయంత్రం ఆరుకల్లా తేలిగ్గా ఏదో తిని ఆపేయండి. పడుకునే టైము కూడా అలాగే జరపండి, పదికి పడుకుని నాలుగున్నరకి లేవడం వస్తే చాలు.

మోకాళ్ల కోసం యోగా క్లాసులో చేరక్కర్లేదు. ఈ నెల రోజులు రెండు పూటలా నేల మీద పీట వేసుకుని, బాసింపట్టు వేసుకుని అన్నం తినండి. మన పెద్దవాళ్లకి కూర్చోవడం ఎవరూ నేర్పలేదు, ఇలాగే వచ్చింది. దాంతో పాటు పొద్దున ఇరవై నిమిషాలు మడత పెట్టిన దుప్పటి మీద కదలకుండా కూర్చోండి. కూర్చున్న ఎత్తు మోకాళ్ల కంటే కాస్త పైకి ఉంటే నడుము నిలబడుతుంది, మోకాలి మీద లాగడం తగ్గుతుంది. అయినా నొప్పి ఎక్కువైతే కుర్చీ అడగండి, ఇస్తారు. మోకాళ్ల సంగతి కూడా మెయిల్‌లో రాస్తే అసలు అడగాల్సిన పనే రాదు. నాలుగో రోజు నుంచి రోజుకి మూడు సార్లు, గంటసేపు కాళ్లూ చేతులూ కదపకుండా కూర్చోమంటారు. కుర్చీలో కూర్చుని అది చేసినా లోటేమీ లేదు. పక్కావిడ రాయిలా కూర్చుందని మోకాలు పాడుచేసుకోవద్దు.

ధర్మ్‌కోట్ సుమారు 2,100 మీటర్ల ఎత్తు. మామూలు మనిషికి ఊపిరాడని ఎత్తు కాదు, కానీ ఏటవాలు దారుల్లో ఆయాసం వస్తుంది. రోజూ అరగంట వేగంగా నడవండి, ఇంట్లో మేడ మెట్లు ఎక్కి దిగండి. బ్యాగు మీరే మోయగలిగినంత బరువే పెట్టుకోండి, వాహనం ఆగిన చోటు నుంచి కొంత నడక ఉండొచ్చు.

చలి గురించి భయపడినంత లేదు, తేలిగ్గా తీసుకునేంతా కాదు. అక్టోబర్‌లో పగలు ఎండ హాయిగా ఉంటుంది. తెల్లవారుజామున పది డిగ్రీలకి అటూ ఇటూ, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతుంది. నాలుగున్నరకి ఆ చలిలో హాల్‌కి నడిచి వెళ్లి కదలకుండా కూర్చోవాలి, అసలు ఇబ్బంది అక్కడ. కాబట్టి ఒక లావు జాకెట్ కంటే ఒకదాని మీద ఒకటి వేసుకునే పల్చటి ఉన్నివి మేలు. లోపల వేసుకునే థర్మల్స్ రెండు జతలు, స్వెటరు, చెవులు కప్పే టోపీ, ఉన్ని సాక్సులు మూడు నాలుగు జతలు. కూర్చున్నప్పుడు ఒళ్లో వేసుకోవడానికి పెద్ద శాలువా, ఇదొక్కటి మాత్రం మర్చిపోవద్దు. చీరల కంటే వదులుగా ఉండే సల్వార్లు సుఖం. బిగుతు లెగ్గింగులు, చేతుల్లేనివి వద్దంటారు. బయటికీ లోపలికీ తిరగాలి కాబట్టి లేసులు లేని బూట్లు, చెప్పులు. టార్చిలైటు, గొడుగు, చిన్న అలారం గడియారం తీసుకోండి, ఫోన్ ఉండదు కదా. నీళ్లకి ఫ్లాస్కు. శానిటరీ ప్యాడ్లు అవసరమున్నా లేకపోయినా పెట్టుకోండి, చోటు మారితే తేదీలు కూడా మారతాయి. కొబ్బరినూనె సీసాలో తీసుకెళితే ఆ చలికి గడ్డకట్టి బయటికి రాదు, వెడల్పు మూత ఉన్న డబ్బాలో పోసుకోండి. పెదాలకి వాజలీన్. వాసన లేని సబ్బు. సెంటు, బంగారం ఇంట్లోనే ఉంచండి. దుప్పట్లు తెచ్చుకోవాలో లేదో మీకొచ్చిన లెటర్‌లో ఉంటుంది, మళ్లీ చదవండి.

పచ్చళ్లు, పొడులు రైల్లో తినడానికి సరే, కేంద్రం లోపలికి బయటి తిండి తీసుకెళ్లనివ్వరు. గదిలో దాచినా ఆ అడవి కోతులకి దొరక్కుండా ఉండదు. ఆరేసిన బట్టల్నే పట్టుకుపోతాయి. కిటికీ తలుపు వేసే ఉంచండి, ఎదురుపడితే కళ్లలోకి చూడకుండా పక్కకి తప్పుకోండి. తిండి మామూలు శాకాహారం, పప్పు, కూర, అన్నం, రొట్టె, కారం తక్కువ. నీళ్లు తక్కువ తాగి, తిండి మారి చాలామందికి మలబద్ధకం చేస్తుంది. ఇసబ్‌గోల్ లాంటిది వాడొచ్చా అని మీ డాక్టరునే అడిగి, వాడే మందులతో పాటు చెప్పి తీసుకెళ్లండి.

రెండో రోజు, ఆరో రోజు ఎక్కువ మందికి పారిపోవాలనిపిస్తుందని అక్కడి ప్రవచనాల్లోనే చెబుతారు. విసుగు, నడుము నొప్పి, ఇల్లు గుర్తొచ్చి ఏడుపు, ఇవన్నీ వస్తాయి, పోతాయి. వాటికి లేచి రాకండి. కానీ వరసగా రెండు రాత్రులు కన్ను మూతపడకపోయినా, ఆలోచనలు ఆపలేనంత పరుగులు పెట్టినా, లేనివి వినబడినా కనబడినా, బతకాలని లేదనిపించినా ఆ క్షణమే ఆచార్యులకీ, మహిళల విభాగం చూసే సేవికకీ చెప్పండి. వాళ్లతో మాట్లాడటానికి మౌనం అడ్డు కాదు. "ఇంకో రోజు ఓర్చుకోండి" అన్నా మీకు నమ్మకం కలగకపోతే ఇంటికి ఫోన్ చేయించమని గట్టిగా అడగండి. మధ్యలో వచ్చేస్తే ఎవరో ఏదో అనుకుంటారని ఆగవద్దు. ఈ లక్షణాలు మీ ఆయనకి కూడా చెప్పి ఉంచండి. అలాంటి ఫోన్ వస్తే ప్రశ్నలు వేయకుండా బయలుదేరి రావాలని ముందే అనుకోండి.

పదో రోజు మౌనం విడుస్తారు. అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెడితే తల దిమ్మెక్కుతుంది. మర్నాడు పొద్దున ఫోన్ చేతికొచ్చాక ముందు ఇంటికి చేయండి, ఆఫీసు వాట్సాప్ గ్రూపు మర్నాటికి ఉంచండి. ఆ రోజు మెక్లాడ్‌గంజ్‌లోనే ఉండి దలైలామా ఆలయం చూసి రండి. 2006 జనవరిలో కాలచక్ర అనే బౌద్ధ ఉత్సవం కోసం దలైలామా మన అమరావతికి వచ్చినప్పుడు గుంటూరు జనం ఎంతమంది వెళ్లారో మీకు గుర్తుండే ఉంటుంది. రాత్రి బస్సు ఎక్కే తొందర పెట్టుకోవద్దు. ఇల్లు చేరిన మర్నాడే డ్యూటీలో చేరకుండా ఒక రోజు మిగుల్చుకోండి. వారం పది రోజుల తర్వాత డాక్టరుని మళ్లీ ఒకసారి కలిసేలా ఇప్పుడే అపాయింట్‌మెంట్ తీసుకోండి, బాగున్నా సరే.

మెయిల్ ఇవాళే పంపండి. వాళ్ల జవాబు, డాక్టరు మాట రెండూ వచ్చేదాకా రైలు టికెట్లు రద్దు చేసుకోగలిగేవే తీసుకోండి, సెలవు పొడిగింపు మాత్రం రేపే అడిగేయండి.